ఇంట్లో గంజాయి మొలక: చట్టం దృష్టిలో చిన్న మొక్క చిన్న నేరం కాదు

పుదుచ్చేరి వంటి పర్యాటక పట్టణంలో అద్దె గదులు, హోమ్‌స్టేలు ఎక్కువ. అలాంటి ఒక గదిలో ఎల్‌ఈడీ దీపాల కింద, చిన్న టెంటులో నాలుగైదు గంజాయి మొలకలు పెంచితే అది ఎంత పెద్ద నేరం? 'రెండాకుల మొలకే కదా, అందులో మత్తు ఎక్కడుంది' అని చాలామంది అనుకుంటారు. చట్టం అలా అనుకోదు.

దేశమంతటికీ వర్తించే చట్టం 1985 నాటి మాదకద్రవ్యాల నియంత్రణ చట్టం (ఎన్‌డీపీఎస్). పుదుచ్చేరి, కారైకాల్, మాహేతో పాటు ఆ కేంద్రపాలిత ప్రాంతంలోనే ఉన్న తెలుగువారి యానాంకూ ఇదే చట్టం. పక్కనే ఉన్న ఆరోవిల్‌లో అధిక భాగం తమిళనాడు కిందికి వస్తుంది. పోలీసులు మారతారు తప్ప సెక్షన్లు మారవు.

గంజాయి వేరు, గంజాయి మొక్క వేరు

చట్టం ఈ రెంటినీ వేర్వేరుగా నిర్వచించింది. సెక్షన్ 2 ప్రకారం గంజాయి అంటే మొక్క పూత లేదా కాత కొనలు. ఆ కొనలతో కలిసి లేని ఆకులు, గింజలు ఆ నిర్వచనంలోకి రావు. కానీ 'గంజాయి మొక్క' అంటే కన్నబిస్ జాతికి చెందిన ఏ మొక్కైనా సరే. వయసు, ఎత్తు, ఆడ మగ తేడా దేనికీ అక్కడ చోటు లేదు. మగ మొక్క నుంచి గంజాయి రాదు. మొలక దశలో అది ఆడదో మగదో చూసి చెప్పడమూ కుదరదు. అయినా దాన్ని సాగు చేయడాన్ని సెక్షన్ 8 నిషేధిస్తోంది.

శిక్షలో తేడా

గంజాయి దగ్గర ఉంచుకున్న కేసుల్లో శిక్ష బరువును బట్టి ఉంటుంది. కిలో వరకు 'చిన్న పరిమాణం'. దానికి గరిష్ఠంగా ఏడాది కఠిన కారాగార శిక్ష, లేదా రూ.10 వేల వరకు జరిమానా, లేదా రెండూ. 20 కిలోలు దాటితే 'వాణిజ్య పరిమాణం'. దానికి 10 నుంచి 20 ఏళ్ల జైలు.

సాగుకు ఈ మెట్లు లేవు. సెక్షన్ 20 ప్రకారం మొక్కను సాగు చేస్తే పదేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా. కనీస శిక్ష అంటూ లేదు కాబట్టి ఎంత విధించాలన్నది కోర్టు విచక్షణ. అయినా గరిష్ఠ శిక్షను పోల్చితే, జేబులో కొద్దిపాటి గంజాయి దొరికినవాడి కంటే కుండీలో మొలక పెంచినవాడి కేసే పెద్దది. చికిత్సకు ముందుకొచ్చే వ్యసనపరులకు సెక్షన్ 64ఏ విచారణ నుంచి మినహాయింపు ఇస్తుంది. అయితే అది మత్తుపదార్థం వాడకం, చిన్న పరిమాణం కేసులకే. సాగు పేరు అందులో లేదు.

సంరక్షణే సాక్ష్యం

మొక్క కనిపించినంత మాత్రాన సాగు రుజువైనట్టు కాదు. పొలంలో గంజాయి మొక్కలు దొరికిన అలఖ్ రామ్ కేసులో (2004) సుప్రీంకోర్టు నిందితుడికి ఊరటనిచ్చింది. మొక్కలు వాటంతట అవే మొలిచి ఉండవచ్చని, అతనే సాగు చేశాడని ప్రాసిక్యూషన్ నిరూపించాలని ఆ తీర్పు సారాంశం.

గదిలో పెంచేవారికి ఈ వాదన దాదాపు పనికిరాదు. లేత మొలకలు దీపం, తేమ, గాలి సరిగా అందితేనే బతుకుతాయి. ఆ ఏర్పాట్లన్నీ, వాటిని కొన్న బిల్లులతో సహా, 'తెలిసే పెంచాడు' అనడానికి ఆధారాలవుతాయి. పైగా సెక్షన్ 35 ప్రకారం నేరబుద్ధి ఉందనే కోర్టు భావిస్తుంది. లేదని రుజువు చేసుకోవలసింది నిందితుడే. 2023 జూన్‌లో కర్ణాటకలోని శివమొగ్గలో అద్దె ఇంట్లో గంజాయి పెంచుతున్నారని ముగ్గురు వైద్య విద్యార్థులను పోలీసులు అరెస్టు చేశారు.

ఇంటి యజమాని సంగతి

తన ఇంటిని ఇలాంటి నేరానికి తెలిసీ వాడుకోనిస్తే, సెక్షన్ 25 కింద యజమానికీ అదే శిక్ష పడవచ్చు. 'తెలిసి' అన్నది ఇక్కడ కీలకం. అనుమానం వచ్చాక ఊరుకోకుండా పోలీసులకు చెప్పడమే యజమానికి రక్షణ.

అనుమతి ఉన్న సాగు

వైద్య, శాస్త్రీయ అవసరాలకు లైసెన్సుతో సాగుకు చట్టంలో వీలుంది. నార, గింజల కోసం పారిశ్రామిక సాగుకు సెక్షన్ 14 దారి చూపుతోంది. ఉత్తరాఖండ్ 0.3 శాతానికి మించని టీహెచ్‌సీ ఉన్న రకాలకు ఆ దారిలో అనుమతులిచ్చింది. జనపనారను పోలిన ఈ హెంప్ గింజలను ఆహారంగా అమ్మడానికి 2021లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఒప్పుకుంది. అంటే తినడానికి తగిన హెంప్ గింజలు దుకాణంలో కొనుక్కోవచ్చు. లైసెన్సు లేకుండా గంజాయి గింజను నాటి మొలకెత్తిస్తే మాత్రం అది సాగు కిందికే వస్తుంది.

2022లో థాయిలాండ్ గంజాయిని మాదకద్రవ్యాల జాబితా నుంచి తీసేసింది, 2025లో మళ్లీ ఆంక్షలు పెట్టింది. అక్కడ చూసొచ్చిన పద్ధతి ఇక్కడ చెల్లుతుందనుకుంటే పొరపాటే.