బొమ్మకి దొరికిన తోట

వంటింటి గచ్చు చేయిస్తేనే రెండు పూటలు పొయ్యి వెలగదు మనకి. లండన్‌లో పికడిలీ సర్కస్ భూగర్భ స్టేషన్‌ని 1925-28 మధ్య కొత్తగా కట్టారు. పాత స్టేషన్ నడుస్తుండగానే సుమండీ! 1907లో 15 లక్షలమంది తిరిగిన చోట 1922కి కోటీ 80 లక్షలమందయ్యారు. లిఫ్టులు చాల్లేదు. చార్లెస్ హోల్డెన్ అనే ఆర్కిటెక్టు చౌరస్తా కిందే గుండ్రటి హాలు గీశాడు. 11 ఎస్కలేటర్లు పెట్టారు.

పైన ఫౌంటెన్ మీద ఈరాస్ అనే రెక్కల బొమ్మ ఉండేది. దాన్ని 1925లో తీసి థేమ్స్ ఒడ్డు తోటలో ఉంచి, 1931లో మళ్ళీ తెచ్చారు. ఆ ఫౌంటెన్ మెట్లమీదే గంపలు పెట్టుకుని ఆడవాళ్ళు ఏళ్ళతరబడి పూలమ్మేవారు. బొమ్మకి తోట దొరికింది, బాగానే ఉంది. రోజు బేరం మీద బతికేవాళ్ళకి ఆరేళ్ళంటే మాటలా? ఎస్కలేటర్ల సంగతి చదువుతున్నంతసేపూ నా ధ్యాసంతా ఆ గంపల మీదే.