వర్తకుడు, పాసుపోర్టు

వ్యాపారనిమిత్తము విదేశయాత్రకు బయలుదేరువాడు సరకుల నమూనాలకంటె ముందుగా సరిచూచుకొనునది పాసుపోర్టు. ఈ చిన్న పుస్తకము అనాదిగా నున్నదని మనలో పెక్కురి తలంపు. కాని 1914 వ సంవత్సరమునకు పూర్వము పశ్చిమ యూరపున వర్తకులు చాలవరకు ఏ పత్రమును చూపకయే ఒక దేశమునుండి మరియొక దేశమునకు పోవుచుండిరి. రష్యా, తురుష్క సామ్రాజ్యములు మాత్రము పాసుపోర్టు లేనిదే రానిచ్చెడివి కావు.

మొదటి ప్రపంచయుద్ధముతో గూఢచారుల భయము పుట్టి, సరిహద్దులన్నిట కాగితములడుగుట ఆరంభమయ్యెను. యుద్ధము ముగిసెను గాని అడుగుట మానలేదు. 1920 అక్టోబరులో నానాజాతిసమితి ఈ చిక్కునుగూర్చి పారిస్ నగరమున ఒక సభ జరిపెను. వెనుకటి స్వేచ్ఛను అప్పుడే పునరుద్ధరించుట సాధ్యము కాదని యెంచి, సభవారు పాసుపోర్టునకు ఒక రూపము నిర్ణయించిరి: 32 పుటలు, 15.5 సెంటీమీటర్ల పొడవు, 10.5 సెంటీమీటర్ల వెడల్పు. తాత్కాలికమనుకొన్న దానికి కొలతలు కూడ కుదిరిన పిమ్మట అది తొలగునా?

మనదేశమున ఆ 1920 లోనే ఒక పాసుపోర్టు చట్టము వెలువడెను. అది దేశములోనికి వచ్చువారిని గూర్చినది. పాసుపోర్టును ఎవరికీయవలెను, ఏ కారణమున నిరాకరింపవచ్చును అను సంగతి అందు లేదు, మరి యే శాసనమునందును లేదు. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట ఇంచుమించు ఇరువది యేండ్లు అదే స్థితి. ఇచ్చుటయు, ఈయకుండుటయు, ఇచ్చినదానిని తిరిగి పుచ్చుకొనుటయు ప్రభుత్వముయొక్క యిచ్ఛ.

1966 ఆగస్టు చివర, మోటారు విడిభాగముల తయారీయు, ఎగుమతి దిగుమతి వ్యాపారమును గల యొక వర్తకునికి, పాసుపోర్టులను తిరిగి యిచ్చివేయుమని తాఖీదు వచ్చెను. ఆయనపై దిగుమతి లైసెన్సు షరతులను మీరెనను ఆరోపణ కలదు, విచారణ సాగుచుండెను, దేశము విడిచి పోయి తిరిగి రాడేమోనని అధికారుల అనుమానము. అనుమానము నిజమో కాదో మనకక్కరలేదు. విదేశములకు పోనిదే తన వ్యాపారము సాగదని ఆయన సుప్రీముకోర్టు నాశ్రయించెను.

పాసుపోర్టనగా పరరాజ్యముల నుద్దేశించి ప్రభుత్వము వ్రాసిచ్చు పత్రమేగాని పౌరుని హక్కు కాదని ప్రభుత్వమువారు వాదించిరి. పూర్వకాలపు పత్రములను చూచినచో ఈ మాటలో కొంత సత్యము లేకపోలేదు. అప్పటికి మన హైకోర్టులును ఈ విషయమున ఏకాభిప్రాయమునకు రాలేదు.

1967 ఏప్రిల్ 10 వ తేదీన తీర్పు వెలువడెను. ఐదుగురు న్యాయమూర్తులలో ముగ్గురు వర్తకునివైపు నిలిచిరి. వారి తరఫున తీర్పు వ్రాసినది ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావుగారు. రాజమహేంద్రవరమున జన్మించి, 1954 లో గుంటూరున నెలకొన్న ఆంధ్ర హైకోర్టునకు ప్రథమ ప్రధాన న్యాయమూర్తియైన ఈ మహనీయుని తెలుగు శ్రోతలకు పరిచయము చేయనక్కరలేదు. ఆయన పత్రమునకు పేరేమియని చూడలేదు, దానివలన జరుగు పనిని చూచెను. పాసుపోర్టు లేనివానిని ఏ ఓడవారును, ఏ విమానమువారును ఎక్కించుకొనరు. స్వదేశమునకు తిరిగివచ్చుటకును అదియే కావలెను. కావున దానిని నిరాకరించుట ప్రయాణమునే నిరాకరించుట. విదేశయాత్రయు రాజ్యాంగపు 21 వ అధికరణము కాపాడు వ్యక్తిస్వేచ్ఛలోనిదే. శాసనము లేక దానిని హరింపరాదు, శాసనమా, లేదు! అదుపులేని విచక్షణ సమానత్వమునకును విరుద్ధమని ఆయన చెప్పెను. హిదయతుల్లా, బచావత్ గారలు ఏకీభవింపలేదు.

ఈ తీర్పు చెప్పిన మరునాడే సుబ్బారావుగారు రాష్ట్రపతి పదవికి పోటీచేయుటకై రాజీనామా యిచ్చిరి. ఆ పోటీ సందడిలో తీర్పు సంగతి కొంత మరుగున పడెనని మా అభిప్రాయము.

ప్రభుత్వము ఆలసింపలేదు. మే నెలలో ఆర్డినెన్సును, జూన్ 24 న పాసుపోర్టుల చట్టమును వచ్చెను. పాసుపోర్టును స్వాధీనపరచుకొనునప్పుడు కారణములను వ్రాసి యుంచవలెను, కోరినవారికి ప్రతి నీయవలెను, అప్పీలునకు అవకాశముండవలెను. వ్యాపారులకిది గొప్ప మేలు. కాని క్రిమినలు కేసు నడుచుచున్నచో స్వాధీనపరచుకొను అధికారము చట్టములోనే చేరెను. సామాన్య ప్రజాహితము దృష్ట్యా కారణములు తెలుపకుండ నుండుటకు మినహాయింపును చేరెను. 1977 లో మేనకాగాంధీగారి పాసుపోర్టును స్వాధీనపరచుకొన్నప్పుడు ఆ మినహాయింపునే చూపిరి. 1978 జనవరి 25 న సుప్రీముకోర్టు, శాసనముండినంత మాత్రమున చాలదు, అది విధించు పద్ధతియు న్యాయమైనదిగా నుండవలెనని నిర్ణయించెను.