పృచ్ఛకుడూ నేనే, అవధానీ నేనే

మొన్న ఆదివారం మా అన్నయ్య కొడుకు ఫోన్ చేసి "బాబాయ్, పోకెమాన్ రెడ్ గెలిచేశా!" అన్నాడు. "ఎంతమంది పోయారు?" అనడిగా. వాడికి అర్థం కాలేదు. "పోవడమేంటి బాబాయ్, స్పృహ తప్పుతాయంతే. సెంటర్‌కి తీసుకెళ్తే బాగైపోతాయి" అన్నాడు. నిజమే, ఆట తయారుచేసినవాళ్ళు పెట్టిన రూలు అదే. నేనడిగింది ఆడేవాళ్ళు తమకి తామే పెట్టుకున్న రూలు గురించి. దానికో చరిత్ర ఉంది. అందులో నేను చేసిన ఒక వెధవపని కూడా ఉంది.

తెలీనివాళ్ళకి రెండు ముక్కలు. చిన్నప్పుడు పురుగుల్ని పట్టి దాచుకునే సరదా ఉన్న సతోషి తజిరి, తన గేమ్ ఫ్రీక్ సంస్థలో ఈ ఆట చేశాడు. మొదటి రెండు భాగాలూ, రెడ్, గ్రీన్, 1996 ఫిబ్రవరి 27న జపాన్‌లో విడుదలయ్యాయి. వింత జంతువుల్ని పట్టుకోవాలి, పెంచాలి, పోటీలకి దింపాలి. చివర్లో ఎలీట్ ఫోర్ అనే నలుగురిని వరసపెట్టి ఓడించాక, ఛాంపియన్‌గా కూర్చున్న మన పాత ప్రత్యర్థితో ఆఖరి పోరు.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆట సులువు. ఓడితే సగం డబ్బు పోతుంది, అంతే. దెబ్బలు తిన్నవాటికి వైద్యం ఉచితం. ఒక్కదాన్నే మేపి మేపి లెవెల్ 80 దాటిస్తే ఛాంపియన్ కూడా చేతులెత్తేస్తాడు. పిల్లల ఆట కదా, అలాగే ఉండాలి. నేనూ మొదటిసారి ఒక్క ఛారిజార్డ్‌తోనే ఊడ్చేశాను. గెలిచానే గానీ, గెలిచినట్టు అనిపించలేదు.

చాలామందికి ఇలాగే అనిపించి ఉండాలి. 2010లో నిక్ ఫ్రాంకో అనే అతను పోకెమాన్ రూబీని రెండు కొత్త నియమాలతో ఆడి, ఆ కథని కామిక్‌గా గీశాడు. ఒకటి, ఏ పోకెమాన్ స్పృహ తప్పినా అది చచ్చిపోయినట్టే, మళ్ళీ వాడకూడదు. రెండు, ఒక్కో ప్రాంతంలో మొట్టమొదట ఎదురైనదాన్నే పట్టుకోవాలి, అది తప్పించుకుంటే ఇక అంతే సంగతులు. అతని కామిక్‌లో నజ్‌లీఫ్ అనే పోకెమాన్‌కి, 'లాస్ట్' సీరియల్లోని జాన్ లాక్ మొహం పెట్టాడు. ఆ రెండు పేర్లూ కలిసి ఈ పద్ధతికి 'నజ్‌లాక్' అనే పేరొచ్చింది. పట్టినదానికల్లా పేరు పెట్టాలన్నది కూడా ఇందులో కలిసిపోయింది. పేరు పెట్టాక పోతే బాధ ఎక్కువ, అందుకని. తర్వాతివాళ్ళు ఇంకా బిగించారు: పోరులో మందులు వాడొద్దు, రాబోయే నాయకుడి లెవెల్ దాటి పెంచొద్దు, ఇలా.

నిషేధంతో ఆడటం మనకేం కొత్త కాదు. అవధానంలో నిషిద్ధాక్షరి చూసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. పృచ్ఛకుడు ఈ అక్షరం వద్దంటాడు, అవధాని ఇంకో దారి వెతుక్కుంటాడు. కాకపోతే ఒక పెద్ద తేడా. అక్కడ పృచ్ఛకుడు ఎదురుగా కూర్చుంటాడు, సభంతా చూస్తూ ఉంటుంది. ఇక్కడ వద్దనేదీ నేనే, పాటించాల్సిందీ నేనే. ఆటలో ఈ నియమానికి సంబంధించిన కోడు ఒక్క లైను కూడా లేదు.

ఇక నా సంగతి. 2011లో బెంచి మీద ఉన్న రోజుల్లో, ఎమ్యులేటర్లో రెడ్‌ని నజ్‌లాక్ పద్ధతిలో మొదలుపెట్టాను. స్నార్‌లాక్స్‌కి 'గుండప్ప' అని పేరు పెట్టా. సగం ఆటని వాడే మోశాడు. ఆఖరి పోరులో ఛాంపియన్ రెండోది, అలకజామ్‌ని దింపాడు. గుండప్పకి ప్రాణం కొంచెమే మిగిలింది, కానీ ఇంకొక్క బాడీ స్లామ్ పడితే అలకజామ్ అవుట్. నూటికి నూరు శాతం తగలాల్సిన దెబ్బ. తగల్లేదు! తర్వాతి వంతులో గుండప్ప పోయాడు.

ఎందుకు తగల్లేదో తర్వాత తెలిసింది. వంద శాతాన్ని ఒక బైటులో 255గా దాచారు. 0 నుంచి 255 దాకా ఏదో ఒక యాదృచ్ఛిక సంఖ్య తీసి, అది 255 కంటే తక్కువైతేనే తగిలినట్టు లెక్క. 255 వస్తే పోయినట్టే. 256లో ఒకసారి. 'తక్కువ లేదా సమానం' అని రాయాల్సిన చోట 'తక్కువ' అని రాసిన ఫలితం. కోడు రివ్యూల్లో మనం రోజూ చూసే తప్పే.

కోపమొచ్చింది. బగ్గు వాళ్ళది, శిక్ష నాకా? ఎమ్యులేటర్లో ఒక్క మీట నొక్కి, దాచుకున్న స్థితికి వెనక్కి పోయా. ఈసారి దెబ్బ తగిలింది, గెలిచా. హాల్ ఆఫ్ ఫేమ్‌లో గుండప్ప నిలబడ్డాడు. వాణ్ణి చూడలేక కంప్యూటర్ ఆపేశాను. ఈ సంగతి ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

2014 ఫిబ్రవరిలో ట్విచ్‌లో జనమంతా కలిసి ఒకే రెడ్ ఆటని ఆడారు. అందరూ తలో ఆదేశం టైపు చేస్తారు, ఒకే హీరో అవన్నీ పాటిస్తాడు. 11 లక్షలకు పైగా మంది చేతులు పడ్డాయి, 16 రోజులు దాటి పట్టింది. ముచ్చటపడి పెంచుకున్నవాటిని పొరపాటున వదిలేశారు, వెనక్కి తెచ్చుకునే వీల్లేదు. చివర్లో లాన్స్ దగ్గరున్న డ్రాగనైట్‌ని వీళ్ళ చిన్న వెనోమాత్ ఓడించింది. అక్కడ కూడా బగ్గే! విషజాతి మీద సైకిక్ జాతి కదలిక బాగా పనిచేస్తుందనే లెక్కతో డ్రాగనైట్ అదే జాతికి చెందిన 'అజిలిటీ', 'బారియర్' వేస్తూ కూర్చుంది. వాటితో దెబ్బే తగలదన్నది ఆ ప్రోగ్రాం చూసుకోలేదు. ఒక బగ్గు నన్ను ముంచింది, ఇంకోటి వాళ్ళని గట్టెక్కించింది. తేడా ఏంటంటే, వాళ్ళు వచ్చినదాన్ని వచ్చినట్టు తీసుకున్నారు. అందుకే అది ఇప్పటికీ చెప్పుకునే గెలుపు.

మన ఉద్యోగమంతా అన్‌డూ మీదే నడుస్తుంది. బ్యాకప్పులు, రోల్‌బ్యాకులు... ఉండాలి కూడా. కానీ వెనక్కి తిప్పగలిగిన గెలుపుకి బరువుండదని నాకు చెప్పింది గుండప్పే.

పోయిన నెల మళ్ళీ ఆడా. నలుగురు పోయారు, ఇద్దరు మిగిలారు, గెలిచా. ఈసారి స్క్రీన్ చూడగలిగాను. మా వాడికి ఇదంతా చెబితే కాసేపాగి, "మరి ఎవరూ చూడట్లేదు కదా బాబాయ్, మీటెందుకు నొక్కకూడదు?" అన్నాడు.

"ఒకసారి నొక్కి చూడు, నీకే తెలుస్తుంది" అన్నాను.