లేసిక్ శస్త్రచికిత్సకు అర్హత

కంటి ముందుభాగంలోని పారదర్శకమైన పొరను కార్నియా అంటారు. దీని వంపును లేజర్ కిరణాలతో సరిచేసి కళ్ళద్దాల అవసరాన్ని తగ్గించే చికిత్స లేసిక్. హ్రస్వదృష్టి, దీర్ఘదృష్టి, అసమదృష్టి అను మూడు దోషాలకు ఇది వర్తిస్తుంది. అయితే ఇది అందరికీ తగినది కాదు. తొలగించిన కార్నియా కణజాలం తిరిగి పెరగదు కనుక, ముందుగా జరిపే అర్హత పరీక్షకు శస్త్రచికిత్సతో సమానమైన ప్రాధాన్యం ఉన్నది.

చరిత్ర

1981లో అమెరికాలోని ఐబిఎం పరిశోధనశాలలో భారతదేశంలో పుట్టిన శాస్త్రవేత్త రంగస్వామి శ్రీనివాసన్, ఆయన సహచరులు జేమ్స్ వైన్, శామ్యూల్ బ్లమ్ ఒక విషయాన్ని కనుగొన్నారు. ఎక్సైమర్ లేజర్ పరిసర భాగాలను కాల్చకుండా కణజాలాన్ని సూక్ష్మంగా తొలగించగలదు. 1983లో శ్రీనివాసన్, నేత్రవైద్యుడు స్టీఫెన్ ట్రోకెల్ కలసి దీనిని కార్నియాకు అన్వయించారు. కార్నియా పైపొరను మూతవలె లేపి, దాని అడుగున లేజర్ ప్రయోగించే పద్ధతిని 1990 ప్రాంతంలో గ్రీసు వైద్యుడు యోవానిస్ పల్లికారిస్ అభివృద్ధి చేశాడు.

సాధారణ అర్హతలు

* వయస్సు 18 సంవత్సరాలు నిండి ఉండాలి.
* కనీసం ఒక సంవత్సర కాలంలో అద్దాల పవరు 0.5 కంటె ఎక్కువ మారరాదు.
* గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాయిదా వేసుకోవాలి. ఆ కాలంలో పవరు తాత్కాలికంగా మారవచ్చును.
* అదుపులో లేని మధుమేహం, కీళ్ళవాతం వంటి రోగనిరోధక వ్యాధులు, హెర్పిస్ వలన కార్నియాకు వచ్చిన వ్యాధి ఉండరాదు.
* తీవ్రమైన కంటి పొడితనం ఉండరాదు. శస్త్రచికిత్స తరువాత అది పెరిగే అవకాశం ఉన్నది.

పరీక్షలు

మొదట పవరును, కంటి పీడనాన్ని, కన్నీటి ప్రమాణాన్ని కొలుస్తారు. తరువాత టోపోగ్రఫీ యంత్రంతో కార్నియా ఉపరితలాన్ని పటంగా తీస్తారు. కార్నియా పలుచబడి శంఖాకారంగా ముందుకు పొడుచుకు వచ్చే కెరటోకోనస్ వ్యాధిని తొలిదశలో గుర్తించుటకు ఇదే ముఖ్య సాధనం. ఈ వ్యాధి ఉన్నవారికి లేసిక్ చేస్తే కార్నియా మరింత బలహీనపడి చూపు దెబ్బతింటుంది. అలెర్జీ వలన కళ్ళను తరచు నలుపుకొనేవారిలో ఈ వ్యాధి ఎక్కువ కనుక ఆ అలవాటును వైద్యునికి తప్పక చెప్పాలి. చివరగా చుక్కల మందుతో కంటిపాపను పెద్దది చేసి రెటీనాను పరిశీలిస్తారు.

మందం లెక్క

కార్నియా మధ్యభాగపు మందం సగటున 540 మైక్రాన్లు. 6 మి.మీ. వ్యాసంలో చికిత్స చేస్తే ఒక్కొక్క పవరుకు సుమారు 12 మైక్రాన్లు తొలగిపోతాయి. 520 మైక్రాన్ల మందం, -6 పవరు ఉన్న వ్యక్తికి పైమూత 110, లేజర్ 72 మైక్రాన్లు పోగా అడుగున 338 మిగులుతాయి. ఇది కనీస హద్దుగా చెప్పే 250 కంటె ఎక్కువ. 490 మైక్రాన్ల మందం, -10 పవరు ఉంటే మిగిలేది 260 మాత్రమే. ఇదీ హద్దు పైనే ఉన్నను, మొత్తం మందంలో 47 శాతం ప్రభావితమవుతుంది. 40 శాతం దాటితే అపాయం ఎక్కువ కాబట్టి ఇతనికి లేసిక్ తగదు.

ఖమ్మం, భద్రాచలం ప్రాంతం

తెలంగాణ ప్రభుత్వపు కంటి వెలుగు రెండవ విడత 2023 జనవరి 18న ఖమ్మంలో ప్రారంభమైనది. అది దృష్టి పరీక్షలకు, ఉచిత కళ్ళద్దాలకు ఉద్దేశించినది. ఆ పరీక్షలో తెలిసిన పవరు మాత్రమే లేసిక్ అర్హతను నిర్ణయించదు. 1987లో హైదరాబాదులో ప్రారంభమైన ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థకు కొత్తగూడెం, భద్రాచలం మధ్యనున్న పాల్వంచలో ఒక కేంద్రం గలదు.

టోపోగ్రఫీ వంటి పరీక్షలు అన్ని ఊళ్ళలో దొరకవు. ఏజెన్సీ గ్రామాల నుండి నగరానికి వెళ్ళేవారు ముందే సిద్ధమైతే ప్రయాణం వృథా కాదు. పాత అద్దాల చీటీలన్నీ వెంట తీసుకుపోవాలి. మెత్తని కాంటాక్ట్ లెన్సులను ఒకటి రెండు వారాల ముందు, గట్టివాటిని మూడు నాలుగు వారాల ముందు మానివేయాలి. లేనిచో కొలతలు తప్పుగా వస్తాయి. చుక్కల మందు వలన కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది కనుక వాహనం నడపరాదు. తోడుగా ఒకరు ఉండుట మంచిది.

అడవి పనులు, వెదురు నరకడం, కబడ్డీ వంటి ఆటలలో కంటికి దెబ్బ తగిలితే లేసిక్ పైమూత కదిలే ప్రమాదం ఉన్నది. అటువంటివారికి మూత లేని పి.ఆర్.కె. పద్ధతిని వైద్యులు సూచిస్తారు. పోలీసు, సైనిక ఉద్యోగాలకు ప్రయత్నించేవారు సంబంధిత ప్రకటనలోని నేత్ర ప్రమాణాలను శస్త్రచికిత్సకు ముందే చదవాలి. లేజర్ చికిత్సపై నిబంధనలు అన్ని విభాగాలకు ఒకే విధంగా ఉండవు.

పరిమితులు, ప్రత్యామ్నాయాలు

నలభై దాటిన తరువాత వచ్చే చత్వారాన్ని లేసిక్ ఆపలేదు. చిన్నతనం నుండి చూపు ఎదగని సోమరి కంటికి ఇది కొత్తగా చూపు ఇవ్వదు. ఒకే కంటికి మంచి చూపు ఉన్నవారికి సాధారణంగా దీనిని సిఫారసు చేయరు. కార్నియా పలుచగా ఉండి పవరు ఎక్కువైనవారికి కంటిలోపల అమర్చే కటకం తగవచ్చును. కెరటోకోనస్ ముదురుతున్నవారికి దాని పెరుగుదలను ఆపుటకు క్రాస్ లింకింగ్ చికిత్స ఉన్నది. చికిత్స చేయించుకున్నవారు ముందరి కొలతల పత్రాలను భద్రపరచుకోవాలి. వృద్ధాప్యంలో శుక్లాల శస్త్రచికిత్స సమయంలో కటకం పవరు లెక్కించుటకు అవి ఉపయోగపడతాయి. అర్హత లేదని తేలినవారికి కళ్ళద్దాలే సురక్షితమైన మార్గం.