బొంబాయి రక్తం ముచ్చట

మంట దగ్గరికి జరుగుండ్రి పిల్లలూ. మొన్న మీ కాలేజీల రక్తదానం క్యాంపు పెట్టిండ్రన్నరు కదా, గందుకే ఈ ముచ్చట యాదికొచ్చింది. బ్లడ్ బ్యాంకుల టెక్నీషియన్‌గ చేసినన్ని రోజులు నేను మర్వని ముచ్చట ఇది.

మొదలు వియన్నాల పడ్డది. కార్ల్ లాండ్‌స్టైనర్ అనే డాక్టరు తనదీ, తనతోని పనిచేసేటోళ్లదీ రక్తం తీసి, ఒకరి సీరంల ఇంకొకరి ఎర్రకణాలు కలిపి చూసిండు. కొన్ని మంచిగ కలిసినయ్, కొన్ని పాలు విరిగినట్టు విరిగినయ్. 1901ల గా సంగతి అచ్చేసిండు. ఏ, బీ, ఓ గ్రూపులు అట్లనే బయటపడ్డయ్. ఏబీ మరుసటేడు దొరికింది. 1930ల ఆయనకు నోబెల్ ఇచ్చిండ్రు. అంతకుముందు రక్తం ఎక్కిస్తే ఒకరు బతికేది, ఒకరు సచ్చేది, ఎందుకో ఎవ్వలకు తెల్వకపోయేది.

గా లెక్కతోని ఓ రక్తం ఎవ్వరికైనా పడ్తదని అందరు నమ్మిండ్రు. 1952ల బొంబాయిల అది తప్పింది. రైలు ప్రమాదంల దెబ్బలు తగిలినాయన ఒకడు, కత్తిపోటు పడ్డాయన ఒకడు. ఇద్దరికీ రక్తం కావాలె. పరీక్షల ఓ లెక్కనే కనబడ్తున్నది. ఓ రక్తం కలిపితేనేమో విరుగుతున్నది. ఎంతమందిది తెచ్చి కలిపినా అంతే.

డాక్టర్ భెండే, దేశ్‌పాండే, భాటియా ఈ సంగతి పట్టుకున్నరు. సీరం ఖరాబైందని పారబోస్తే అక్కడికే అయిపోతుండె. వాళ్లు పారబోయలే. పుస్తకంల లేదని కండ్ల ముందటి ట్యూబును కాదనలే. గందుకే వాళ్లంటే నాకు చానా గౌరవం. లండన్ల రేస్, శాంగర్, మోర్గన్, వాట్కిన్స్ అనే శాస్త్రవేత్తలు సుత జతగూడిండ్రు. ఏడుగురి పేర్ల మీద ‘లాన్సెట్’ పత్రికల వ్యాసమొచ్చింది. గా రక్తానికి బొంబాయి గ్రూపని పేరు నిలిచిపోయింది.

అసలు కథ ఏందంటే, ఏ అయినా బీ అయినా హెచ్ అనే పదార్థం మీదనే తయారైతది. ఓ వాళ్లకు వట్టి హెచ్ ఉంటది. బొంబాయి గ్రూపోళ్లకు గా హెచ్చే లేదు. గందుకే వాళ్ల ఒంట్లె ఏ, బీతోని పాటు హెచ్‌కు సుత యాంటీబాడీలుంటయ్. ఓ రక్తం ఎక్కిస్తే గవి ఎర్రకణాలను పగలగొడ్తయ్, ప్రాణం మీదికొస్తది. వాళ్ల ఎర్రకణాలు వేరేటోళ్లకు పడ్తయ్ గని, వాళ్లకు వాళ్లసొంటోళ్లదే పడాలె. మన దేశంల పదివేల మందిల ఒకరుంటరని అంటరు. గా లోపం తల్లిదిక్కు నుంచీ తండ్రిదిక్కు నుంచీ రెండూ వస్తెనే బయటపడ్తది. మేనరికం పెండ్లిలల్ల అట్ల కలిసే అవకాశం ఎక్కువ.

ఒకసారి మా దగ్గరికి కాన్పై నెత్తురు ఆగని బాలింతను తెచ్చిండ్రు. పలక మీద నీలం చుక్క యాంటీ ఏ, పసుపు చుక్క యాంటీ బీ ఏసిన. రెండిట్లా విరగలే, అంటే ఓ. పెనిమిటి కిటికీకాడ నిలవడి, సారూ జల్ది ఇయ్యుండ్రి అని ఏడుస్తున్నడు. క్రాస్‌మ్యాచ్ చెయ్యకుంట నేను బ్యాగు ఇయ్యలే. ఆమె సీరంల ఓ కణాలు కలిపి, సెంట్రిఫ్యూజ్‌ల తిప్పి, ట్యూబు నెమ్మదిగ కదిపిన. అడుగున కణాలన్నీ ఒకటే ముద్దగ లేసినయ్. ఇంకో బ్యాగు, మల్లొకటి, అన్నీ గంతే. ఇది బొంబాయి గ్రూపేనేమో అని నా చేతులు చల్లవడ్డయ్.

ఆమె తోడబుట్టినోళ్లు ఎంతమందని అడిగిన. తోడబుట్టినోళ్లల్ల నలుగురిల ఒకరికి గదే గ్రూపుండే అవకాశముంటది మరి. పెద్దన్న పొలంకెళ్లి అట్లనే బురద కాళ్లతోని ఉరికొచ్చిండు. ఆయనది కలిపితే విరగలే. ఒక్క బ్యాగు, 350 మిల్లీలీటర్లు. గది ఎక్కుతుంటే డాక్టరమ్మ నెత్తురు ఆపింది. తెల్లారేసరికి బాలింత పిల్లను ఎత్తుకొని పాలిచ్చింది. తర్వాత మిగిలిన అక్కచెల్లెండ్లను పిలిచి చూసినం, చిన్న చెల్లెకే గదే గ్రూపు. ముగ్గురి పేర్లు, ఊరు, ఇంటి జాడ రిజిస్టర్ల ఎర్రసిరాతోని రాసిపెట్టిన, రేపు వాళ్లల్ల ఎవ్వలకు అవసరమొచ్చినా ఎతుకులాడకుంట.