గల్ఫ్ సొమ్ము – ఇంటివారి సంతోషం

వలస కార్మికులు పంపే డబ్బు ఇంటి ఆదాయాన్ని పెంచుతుంది. సంతోషాన్ని అంత నేరుగా పెంచదు. ప్రపంచ బ్యాంకు లెక్కల్లో 2022లో భారత్‌కు ఇలా చేరిన సొమ్ము 10,000 కోట్ల డాలర్లు దాటింది.

ఉత్తర తెలంగాణలోని జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి దుబాయ్, సౌదీ, కువైట్‌ వెళ్లేవారిలో చాలామంది వీసా కోసం అప్పు చేసి ఏజెంటుకు కడతారు. తొలినాళ్లలో వచ్చేదంతా మిత్తికే పోతుంది. అప్పు తీరాకే స్లాబు ఇల్లు, పొలంలో బోరు, పిల్లల ఇంగ్లిష్ మీడియం ఫీజు.

డబ్బు ఎవరి ఖాతాలో పడుతుందన్నది చాలా ముఖ్యం. భార్య ఖాతాలో పడితే ఇంట్లో ఆమె మాట చెల్లుతుంది. అత్తమామల చేతికి వెళ్తే పిల్లాడి పెన్నుకూ ఆమె అడగాల్సిందే. వ్యవసాయం, బ్యాంకు పనులు, ముసలివాళ్ల మందులు మాత్రం ఎటైనా ఆమె మీదే పడతాయి. పసిపిల్లలకు తండ్రి వీడియో కాల్‌లో కనిపించే మనిషి. ఈ భారాన్ని పక్కనపెట్టి డాలర్లు మాత్రమే లెక్కించడం ఆ ఆడవాళ్లకు చేసే అన్యాయం.

నెలనెలా ఠంచనుగా వచ్చే కొద్దిపాటి డబ్బు, ఎప్పుడో ఒకసారి వచ్చే పెద్ద మొత్తం కంటే ఎక్కువ నిబ్బరమిస్తుంది. 2020లో కరోనా వేళ పనులు పోయి చాలామంది తిరిగొచ్చినప్పుడు ఆ నిబ్బరమే ముందు పోయింది. మిత్తి మాత్రం ఆగలేదు.