కింది రెక్క మూసి, పై రెక్క తెరిచి

మొన్న ఎండాకాలం భద్రాచలంలో మా ఇంటికి మరమ్మతులు చేయిస్తూ, పాత టేకు కిటికీలు తీయించి, పక్కకి జరిపే అద్దాల కిటికీలు పెట్టించాను. చూసినవాళ్లంతా బాగుందన్నారు. మా అత్తగారు మాత్రం అద్దాన్ని కాసేపు అటూ ఇటూ జరిపి, "కింది రెక్కలు మూసి పై రెక్కలు తెరవడం ఎలాగమ్మా?" అన్నారు. 2016లో మా ఊరు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వెళ్లినా, ఆవిడకిది ఇంకా ఖమ్మం జిల్లానే. అందుకని అదో చాదస్తం అనుకున్నాను గానీ, నా దగ్గర జవాబు లేదు.

పాత కిటికీకి నాలుగు రెక్కలు. కింది రెండూ మూస్తే వీధిలో పోయేవాళ్లకి గది కనిపించదు, కోతి చెయ్యి పెట్టదు. పై రెండూ తెరిస్తే గోదావరి గాలి వస్తుంది. కొత్తదానికి అందం ఉంది, ఆ వెసులుబాటు లేదు.

ఆ సాయంత్రం నవల రాద్దామని కంప్యూటరు ముందు కూర్చుంటే నవ్వొచ్చింది. అక్కడా కిటికీలేగా! ఒక్కో పనికి ఒక్కో కిటికీ. వాటి చరిత్రా ఇంచుమించు ఇలాంటిదే.

1985 నవంబరులో మైక్రోసాఫ్ట్ వారి మొదటి విండోస్ వచ్చినప్పుడు, అందులో కిటికీలు ఒకదాని మీదొకటి ఎక్కడానికి వీల్లేదు. నేల మీద పరిచిన బండల్లా పక్కపక్కనే ఉండాలి. 1987లో రెండో విండోస్‌తో ఒకదాని మీదొకటి వేసుకునే వీలొచ్చి, ఆ పద్ధతి వెనక్కి పోయింది. 2009లో విండోస్ 7 వచ్చేసరికి, కిటికీని తెర అంచుకి లాగితే సగం తెరలో చక్కగా సర్దుకునే సదుపాయమై అదే తిరిగొచ్చింది. అచ్చం మన పెద్దంచు చీరల్లాగే!

1995 నుంచీ తెర మూలన అలవాటైన స్టార్టు బొత్తాన్ని 2012లో విండోస్ 8లో తీసేశారు. జనం గోలపెడితే మరుసటేడు మళ్లీ పెట్టారు. 2021లో, మన హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల సారథ్యంలో విండోస్ 11 వచ్చింది. తెర అడుగున ఉండే పట్టీ మీద మౌసు కుడి మీట నొక్కి, కిటికీలన్నింటినీ చేతిలో పేకముక్కల్లా పేర్లు కనబడేలా పేర్చుకునే వీలు అందులో లేకుండా పోయింది.

"పాతవన్నీ ఉంచుకుంటే ఇల్లంతా అటకైపోదూ?" అంటారేమో. నిజమే. ఇత్తడి బిందెలు ఉంచుకుంటే తోమేవాళ్లు కావాలి. కంప్యూటరులోనూ అంతే. ఉంచిన ప్రతి పాత సదుపాయాన్నీ కొత్త మార్పు వచ్చినప్పుడల్లా సరిచూసేవాళ్లు కావాలి. అలాగని అలవాటుని తీసిపారేయగలమా?

మా గోదావరినే చూడండి. మీటర్ల కొలతల చట్టం 1956లోనే వచ్చింది. అయినా వరద వచ్చిందంటే మాకు అడుగుల్లోనే చెబుతారు. 43 అడుగులు మొదటి హెచ్చరిక, 48 రెండోది, 53 మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 2022 జూలైలో 71 దాటింది. ఆ అంకె చెవిన పడగానే బియ్యం డబ్బా అటకెక్కించాలో, పిల్లల్ని తీసుకుని బయల్దేరాలో లోతట్టు ఇళ్ల ఆడవాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. నీళ్లు గడప దగ్గరికొస్తుంటే, మీటర్లని అడుగుల్లోకి మార్చుకుంటూ కూర్చునే తీరిక ఎవరికుంటుంది?

అందుకే నాకనిపిస్తుంది: కొత్తది తప్పకుండా తీసుకురండి, పాతదాన్ని ఓ మూలనైనా ఉండనివ్వండి. తీయక తప్పదంటే, దానితో ఎవరికి ఏ పని జరుగుతోందో ముందు అడగండి. మా ఇంట్లో నేను అడగలేదు. మర్నాడే వడ్రంగిని పిలిచి, పెరట్లో పడున్న పాత కిటికీని అత్తగారి గదికి మళ్లీ బిగించమన్నాను. ఆవిడ కింది రెక్కలు మూసి, పైవి తెరిచి, ఆ మధ్యాహ్నం హాయిగా నిద్రపోయారు.